సున్నం చేతులు

ఈస్టర్‌కు ముందు శనివారం మా అక్క రేపల్లెలో ప్యాసింజరు ఎక్కి తెనాలి వచ్చేది. నేను స్టేషన్లో కలుసుకునేదాన్ని. ఇద్దరం మెయిన్ లైను బండి పట్టుకుని బాపట్ల వెళ్ళేవాళ్ళం. అమ్మా నాన్నల సమాధులు అక్కడున్నాయి. మా లూథరన్ కుటుంబాల్లో ఆ శనివారం అందరికీ ఒకటే పని. సమాధుల దొడ్డిలో గడ్డి పీకడం, పగుళ్ళు పూడ్చడం, సున్నం వేయడం. మర్నాడు ఇంకా వెలుగు రాకముందే కొవ్వొత్తులతో అక్కడికే వచ్చి పునరుత్థాన పండుగ పాటలు పాడతాం. అప్పటికి మన వాళ్ళ సమాధి మాసిపోయి ఉంటే పక్క సమాధుల వాళ్ళు ఏమీ అనరు, కానీ చూస్తారు. ఆ చూపు పడకూడదనే సగం సున్నం ఖర్చవుతుందని నేను అంటే అక్కకు కోపం వచ్చేది.

పని పంచుకోవడంలో మాకు ఒక పద్ధతి ఉండేది. గడ్డి పీకడం, నీళ్ళు మోసుకురావడం నా వంతు. సున్నం అక్కది. బకెట్లో గుల్ల సున్నం వేసి నీళ్ళు పోస్తే బుసబుసమని పొంగేది. అక్క చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కర్రతో కలిపేది. చల్లారాక కాస్త నీలిమందు వేసి, పీచు కుంచె ముంచి, పైనుంచి కిందకు ఒక్క తీరుగా వేసుకుంటూ వచ్చేది. కుంచె నాకు ఒక్కసారి కూడా ఇవ్వలేదు.

"నువ్వు వేస్తే గీతలు గీతలుగా ఉంటదే. నాన్న లేచొచ్చి మళ్ళీ వేయించుకుంటాడు" అనేది.

అక్క రేపల్లెలో ప్రాథమిక పాఠశాల టీచరుగా పనిచేసి రిటైరైంది. గుడిలో పాట ఎత్తేది ఆమే. హార్మోనియం వాయించేవాళ్ళు రాకపోయినా ఆరాధన ఆగేది కాదు, అక్క రాకపోతే మాత్రం పాస్టరు అయ్యగారు గుమ్మం వైపు చూసేవారు. చరణం మొత్తం ఒక్క ఊపిరిలో లాగేది. బాపట్లలో ఆ వేకువన కూడా, ఎవరు ఎక్కడ నిలబడి ఉన్నా, అక్క మొదలుపెట్టిన తర్వాతే తక్కిన వాళ్ళు అందుకునేవాళ్ళు. నాది తప్పెట గొంతు. కొవ్వొత్తి ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టడమే నా భక్తి.

పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే వంశం మాది. ఇద్దరికీ ఓడిపోవడం రాదు. చింతకాయ పచ్చడిలో మెంతులు ఎప్పుడు వేయాలన్న దాని మీద మేము తెనాలి నుంచి బాపట్ల దాకా వాదించుకున్న రోజులున్నాయి. ఈ మాట ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయేదంతా కూడా ఒక వాదనే.

నేను తెనాలిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. ఇంటర్ రెండో ఏడాది పిల్లలకు కణంలో ప్రోటీన్లు ఎలా తయారవుతాయో చెప్పే పాఠం ఉంది. రైబోసోము అనే చోట అమైనో ఆమ్లాలు ఒకదాని పక్కన ఒకటి చేరి ప్రోటీను అవుతాయి. వాటిని అక్కడికి మోసుకొచ్చేది టీఆర్‌ఎన్‌ఏ. ఇంతవరకు ఏ పిల్లను లేపినా చెబుతుంది. మరి ఏ టీఆర్‌ఎన్‌ఏ మీద ఏ అమైనో ఆమ్లం ఎక్కించాలో చూసేదెవరని అడిగితే క్లాసంతా ఫ్యాను చప్పుడు వింటుంది.

దాన్ని చూసేది సింథటేజ్ అనే ఎంజైము. ఇంచుమించు ఒక్కో అమైనో ఆమ్లానికి ఒక్కో సింథటేజ్ ఉంటుంది. తన అమైనో ఆమ్లాన్ని పట్టుకుని, దానికి కాస్త శక్తి జోడించి, తన టీఆర్‌ఎన్‌ఏను వెతికి పట్టుకుని, దాని కొసన అంటిస్తుంది. రైబోసోము సరుకు విప్పి చూడదు. వచ్చిన టీఆర్‌ఎన్‌ఏ మీది గుర్తు సరిపోతే చాలు, అందుకుని కలిపేస్తుంది. దుగ్గిరాల యార్డులో లారీకి ఎత్తే మనిషి పసుపు బస్తా మీద చీటీ చూస్తాడు కానీ బస్తా విప్పడు కదా. చీటీ కట్టేవాడు తప్పు కడితే ఆ తప్పు లారీతో పాటు వెళ్ళిపోతుంది. పుస్తకంలో ఈ ఎంజైముకు దక్కింది ఒక్క వాక్యం. నాకు అదంటే ఎందుకో అభిమానం. ఒక పీరియడ్ అంతా దాని మీదే గడిపేదాన్ని.

"ఇది పరీక్షలో వస్తదా మేడమ్?" అని ఎవరో ఒకరు అడిగేవారు.

"రాదు. అందుకే చెబుతున్నా, కూర్చో" అనేదాన్ని.

ఇక చేతుల సంగతి. ఒక ఈస్టర్ అయ్యాక అక్క మా ఇంటికి వచ్చినప్పుడు కాఫీ గ్లాసు అందుకుంటుంటే ఆమె వేళ్ళు చూశాను. చూపుడువేలు పక్కన, బొటనవేలు పక్కన చర్మం మందమెక్కి, గరుకుగా, సన్నటి నల్ల గీతలుగా పగిలి ఉంది.

"ఏంటే ఆ చేతులు?"

"సున్నం తిన్నది" అంది.

మాలో దానికి ఎవరూ ఆశ్చర్యపోరు. ఈస్టర్ తర్వాత ఆదివారం గుడిలో సగంమంది ఆడవాళ్ళకు చేతులు పగిలే ఉంటాయి. వందనాలు చెప్పుకుంటూ ఒకరి చేతులు ఒకరు చూసుకుని నవ్వుకుంటారు. ఎవరివి ఎక్కువ పగిలితే వాళ్ళ సమాధి అంత తెల్లగా ఉన్నట్టు. కొబ్బరినూనె, వెన్న, కాస్త గోరువెచ్చని నీళ్ళు, అంతటితో అయిపోతుంది. నేనూ సున్నమే అనుకున్నాను. సున్నం చేసే పని సున్నం చేసింది అనుకుని పచ్చడి విషయంలోకి వెళ్ళిపోయాం.

కానీ ఆ పగుళ్ళు వానాకాలంలోనూ ఉన్నాయి. అప్పుడు అంట్లు తోమే సబ్బు పడలేదంది. క్రిస్మస్‌కూ ఉన్నాయి. ఈసారి అమ్మిన సున్నమే ఘాటుది అయి ఉంటదంది. అడిగితే చేతులు చెంగులో పెట్టుకోవడం నేర్చుకుంది. మా బావ నీటిపారుదల శాఖలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, మాట తక్కువ. ఆయన మాత్రం ఒకసారి ఫోన్లో, "మీ అక్క జడ వేసుకోలేకపోతుందమ్మా, చేతులు పైకి లేవట్లేదు. నేనే దువ్వుతున్నాను" అన్నాడు.

అప్పటికి శ్రమదినాలు మొదలయ్యాయి. ఈస్టర్‌కు ముందు వచ్చే ఆ దినాల్లో అక్క సాయంత్రం దాకా మెతుకు ముట్టదు. పెళ్ళైన దగ్గర్నుంచీ అంతే. చేతులు లేవకపోవడం, పీట మీద నుంచి లేవాలంటే గోడ పట్టుకోవడం, నాలుగడుగులకే ఆయాసం, పొడి దగ్గు, అన్నీ ఉపవాసం లెక్కలోకి వెళ్ళిపోయాయి. స్త్రీల సమాజంలో ఆమెను చూపించి, "ఒళ్ళు హూనమైనా అమ్మగారు నిష్ఠ వదల్లేదు" అని మెచ్చుకున్నారట. ఆ మాట అక్కే నాకు చెప్పింది, కాస్త సంతోషంగానే. నాకు ఒళ్ళు మండింది.

"దేవుడు నిన్ను జడ వేసుకోవద్దని అన్నాడా? ముందు ఏదన్నా తిని డాక్టర్ దగ్గరికి పద" అన్నాను.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే" అని ఫోన్ పెట్టేసింది.

ఆ ఈస్టర్ ముందు శనివారం తెనాలి స్టేషన్లో వంతెన మెట్ల మీద అక్క మధ్యలో ఆగిపోయింది. కింద నిలబడ్డ గూడ్సు బండిని చూస్తున్నట్టు నటించింది. గూడ్సు బండి మీద మా అక్కకు ఏనాడూ ఆసక్తి లేదు. బాపట్లలో సున్నం కలిపింది కానీ కుంచె మోకాలి ఎత్తు దాటి లేపలేకపోయింది. నేను చెయ్యి చాపాను. అప్పుడు కూడా నాకివ్వలేదు. పక్క సమాధి దగ్గర పనిలో ఉన్న ఒకాయనను పిలిచి, "అన్నయ్యా, కాస్త పైభాగం మీరు వేసి పెడతారా అండి" అంది. ఆయన వేశాడు. అక్క సమాధి అంచున కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆయన ఎక్కడ వదిలేశాడో చూపిస్తూ ఉంది.

మర్నాడు వేకువన అక్క పాట ఎత్తింది. మొదటి పాదం మధ్యలో గొంతు తెగిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు అమ్మా నాన్న గుర్తొచ్చి ఏడుస్తుందనుకున్నారు. ఒకావిడ దగ్గరికొచ్చి వీపు నిమిరింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు, అది ఏడుపు కాదు. కొవ్వొత్తి వెలుగులో ఆమె నోరు తెరుచుకుని గాలి కోసం చూస్తోంది. ఆ క్షణంలో నాకు కలిగిన భయం అంతకుముందు ఎప్పుడూ తెలియదు, అమ్మ పోయినప్పుడు కూడా. పాట మిగతా వాళ్ళు పూర్తి చేశారు.

సోమవారం ఆమె వద్దంటున్నా గుంటూరు తీసుకెళ్ళాను. ఊపిరితిత్తుల డాక్టరు చిన్నవాడే. వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. తర్వాత ఎక్సరే చూడకుండా ముందు చేతులు చూపించమన్నాడు. అక్క చెంగులోంచి చేతులు తీసింది.

"ఏం పని చేస్తారమ్మా మీరు?"

"టీచరుగా రిటైరయ్యానండి. ఇది సున్నమండి. మేము సమాధులకు వేస్తాం, ఈస్టర్‌కి."

"ఎప్పటి నుంచి ఉన్నాయి?"

"పోయిన ఈస్టర్ నుంచండి."

ఆయన కలం బల్ల మీద పెట్టాడు. "ఏడాది పాటు ఉండే సున్నం లేదమ్మా" అన్నాడు. ఈ జబ్బులో చేతులు ఇలాగే అవుతాయట. ఇంజన్లు విప్పే మెకానిక్ చేతుల్లా ఉంటాయని వాటిని మెకానిక్ చేతులనే అంటారట. రక్తం తీసుకున్నారు, ఊపిరితిత్తులకు స్కాను తీశారు. నేను వరండాలో కూర్చుని, అక్క మెకానిక్ అయితే ఎలా ఉంటుందో ఊహించుకుంటూ నవ్వు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను.

రక్తపరీక్ష ఫలితం వచ్చిన రోజు డాక్టర్ నాకు వివరంగా చెప్పాడు. మన ఒంట్లో రోగాలను ఎదుర్కోవడానికి తయారయ్యే యాంటీబాడీలు అక్క ఒంట్లో ఆమె సొంత ప్రోటీను ఒకదాన్ని శత్రువుగా ఎంచుకున్నాయి. అందువల్ల కండరాలు, ఊపిరితిత్తులు దెబ్బతింటున్నాయి. "కంచే చేను మేయడం అంటారు కదండి, అలాంటిదే" అని, ఆ ప్రోటీను పేరు చెప్పాడు. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని దాని టీఆర్‌ఎన్‌ఏ మీద ఎక్కించే సింథటేజ్.

ఇన్నేళ్ళుగా బోర్డు మీద పచ్చ చాక్‌పీసుతో గీస్తున్న బొమ్మ అది. పరీక్షలో రాదని చెప్పి మరీ చెప్పిన పాఠం. డాక్టర్ ఏదో చెబుతున్నాడు, నేను మాత్రం ఆ ఎంజైము మీద కోపం తెచ్చుకుని కూర్చున్నాను. అది ఏ తప్పూ చేయలేదని నాకు తెలుసు. తన పని అది చేసుకుపోతూనే ఉంది. అయినా ఎవరి మీదో ఒకరి మీద కోపం రావాలి కదా.

"బతుకుతుందా అండి?" అని అడిగాను.

"మందులు వాడదామండి. ఊపిరితిత్తుల్లో మచ్చకట్టిన భాగం మళ్ళీ మామూలు కాదు. మిగిలింది కాపాడుకోవాలి. ఈ మందులు ఒంటి రక్షణను తగ్గిస్తాయి కాబట్టి జలుబైనా, జ్వరమైనా అశ్రద్ధ చేయకూడదు" అన్నాడు. అంటే అక్కకు ఎంత ఊపిరి మిగిలిందో అంతే. దాన్ని నిలబెట్టుకోవడమే ఇక మా పని.

గుంటూరు వెళ్ళి రావడానికి దగ్గరని అక్కాబావా తెనాలిలో మా ఇంట్లో ఉన్నారు. స్టెరాయిడ్ మందుతో అక్క ముఖం గుండ్రమైంది, ఆకలి పెరిగింది. చూడటానికి జనం వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళలో ఒకావిడ అక్క కోసం అందరం కలిసి ఉపవాస ప్రార్థన పెడదామంది. నా నోరు మంచిది కాదు. "మీరు ఉపవాసముండండి, ఆమె మాత్రం తింటది" అన్నాను. ఆవిడ ముఖం మాడ్చుకుంది. అక్క నావైపు కళ్ళెర్రజేసి, ఆవిడ చెయ్యి పట్టుకుని, "దాని మాట పట్టించుకోకండి వదినా, దానికి చిన్నప్పటి నుంచీ అంతే" అంది. ఆవిడ వెళ్ళాక మాత్రం ఇడ్లీలు ఇంకా ఉన్నాయా అని అడిగింది.

ఒక మధ్యాహ్నం అక్క తానే అడిగింది, "ఆ ఎంజైము ఏంటో నాకు సరిగ్గా చెప్పవే. నా ఒంట్లోది నాకు తెలియకపోతే ఎట్టా" అని. బావ పక్క గదిలో నిద్రపోతున్నాడు. నేను బోర్డు లేకుండా ఎప్పుడూ ఆ పాఠం చెప్పలేదు. నా రెండు చేతులూ కలిపి చూపించాను.

"ఇది ఒంటరిగా పనిచేయదు. ఒకేలాంటి ముక్కలు రెండు ఇలా అతుక్కుని ఉంటాయి. ఒక్కోదానిలో ఒక గుంట. హిస్టిడిన్ వచ్చి ఆ గుంటలో కూర్చుంటది. విడదీస్తే రెంటికీ పని రాదు."

"మనిద్దరిలాగానా?"

"మనం ఒకేలా ఎక్కడున్నామే? నువ్వు మెంతులు ముందే వేస్తావు."

అక్క నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గేదాకా ఆగాను. "తన టీఆర్‌ఎన్‌ఏ ఇదేనని ఎట్టా తెలుసుద్ది?" అని అడిగింది. దాని మొదట్లో మిగతావాటికి లేని ఒక అక్షరం అదనంగా ఉంటుందని, ఎంజైము దాన్ని తడిమి గుర్తుపడుతుందని చెప్పాను. "క్లాసులో ఒకే పేరున్న పిల్లలుంటే ఇంటిపేరు పెట్టి పిలిచేదాన్ని. అంతేగా" అంది. అంతే. నేను పీరియడంతా చెప్పేది అక్కకు ఒక్క మాటలో తేలిపోయింది. నాకు కొంచెం ఉక్రోషం కూడా వచ్చింది.

"మరి ఇంత నమ్మకంగా పనిచేసేదాన్ని శత్రువని ఎందుకు అనుకున్నట్టు?"

"తెలియదు."

"నీ నోట ఆ మాట ఇవాళే విన్నా" అంది అక్క.

తెలిసినంత చెప్పాను. ఈ ఎంజైముకు మొదట్లో తోకలాంటి చిన్న ముక్క ఒకటి ఉంది. హిస్టిడిన్ ఎక్కించే పనికి దాని అవసరం అంతగా లేదు. యాంటీబాడీలు ఎక్కువగా పట్టుకునేది ఆ ముక్కనే. ఈమధ్య కొందరు పరిశోధకులు అనేదేమిటంటే, ఆ ముక్క కణం బయటకు కూడా వస్తుందట. వచ్చి, ఊపిరితిత్తుల్లాంటి చోట్ల రెచ్చిపోయిన రక్షణ కణాలను నెమ్మదించమంటుందట.

"అంటే, శాంతించమని చెప్పేదాన్నే పట్టుకుని కొడుతున్నారన్నమాట" అంది అక్క.

"అట్లా అని తేలలేదు. అనుకుంటున్నారు."

"తేలకపోయినా అట్టాంటిది జరుగుద్దిలే."

ఆమె ఎవరిని తలుచుకుందో నాకు తెలుసు. మామూలుగా అయితే జీవశాస్త్రంలోకి బైబిలును తేవద్దని పెద్ద గొడవ చేసేదాన్ని. ఆ రోజు చేయలేదు. లేచి ఆమెకు మాత్ర ఇచ్చాను.

మందులు పనిచేశాయి. మొదట మానింది చేతులే. పొలుసులు రాలిపోయి వేళ్ళ పక్కలు నున్నగా అయ్యాయి. తర్వాత చేతులు పైకి లేచాయి. ఒక ఉదయం అద్దం ముందు నిలబడి తన జడ తానే వేసుకుంది. బావ దువ్వెన పట్టుకుని వెనక నిలబడి, ఇక తనతో పని లేదని అర్థమై, వెళ్ళి పేపరు చదువుకున్నాడు. అక్కకు మాత్రం వాదన గుర్తొచ్చింది.

"చూశావా? ఈ ఏడాది సున్నం సగమే వేశాను, తగ్గిపోయింది" అంది, చేతులు నా ముఖం ముందు తిప్పుతూ.

"మందుల వల్ల తగ్గిందే తల్లీ."

"ఊపిరికి మందులు. చేతులకు సున్నం. రెండూ కలపమాకు. డాక్టర్లకు సున్నం గురించి ఏం తెలుసు? ఆ అబ్బాయి ఎప్పుడన్నా సమాధికి వేశాడా?"

"నువ్వు వేశావు కాబట్టి నీకన్నీ తెలుసు."

"నువ్వయితే వెయ్యను కూడా వెయ్యలేదు" అంది. ఆ తర్వాత కూడా సందర్భం దొరికినప్పుడల్లా తన చేతులవి సున్నం పగుళ్ళేనని అనేది, నేను ఉడుక్కుంటానని.

మళ్ళీ ఈస్టర్ వచ్చింది. అక్క రేపల్లెలో తన ఇంటికి వెళ్ళిపోయి అప్పటికి కొన్ని నెలలైంది. బాపట్లకు ముఖానికి మాస్కు పెట్టుకుని వచ్చింది. సున్నం దుమ్ము తగలకూడదని డాక్టర్ గట్టిగా చెప్పడంతో దూరంగా కుర్చీలో కూర్చోబెట్టాం. సున్నం బావ వేశాడు. గీతలు గీతలుగా వేశాడు. అక్క దూరం నుంచే, "నాన్న లేస్తాడండీ" అని కేకేసింది. మర్నాడు వేకువన అందరూ ఆమె కోసం ఆగారు. ఆమె ఒక్క పాదం పాడి చెయ్యి ఊపింది, మిగతా వాళ్ళు అందుకున్నారు. అంతకుముందు చరణమంతా లాగిన ఊపిరిలో ఇప్పుడు మిగిలింది ఆ ఒక్క పాదం. దాన్ని ఆమె జాగ్రత్తగా, తొందర లేకుండా పాడింది. మచ్చకట్టిన భాగం మళ్ళీ మామూలు కాదని డాక్టర్ చెప్పిన మాటకు అర్థం నాకు అక్కడ తెలిసింది.

వానాకాలం చివర్లో అక్కకు జ్వరం వచ్చింది. ఎవరూ అశ్రద్ధ చేయలేదు. బావ ఆ పూటే బయలుదేరదీశాడు, తెనాలిలో నేను కారెక్కాను, గుంటూరు తీసుకెళ్ళాం. నిమ్ము చేసింది. మంచి ఊపిరితిత్తులైతే తట్టుకునేవేమో. ఆక్సిజన్ పెట్టినా ఆమెకు చాలలేదు. మాట్లాడే ఓపిక ఉన్న చివరి పూట నా చెయ్యి పట్టుకుని, దాని మీద వేలితో రాస్తూ, "నీవి మెత్తగా ఉంటాయే" అంది. చాక్‌పీసు పట్టుకునే చేతులు మెత్తగా కాక ఎట్లా ఉంటాయన్నాను. ఇంకేదైనా అని ఉండాల్సింది. రేపల్లెలో సమాధి చేశాం. ఆ రోజు పాట ఎవరు ఎత్తారో నాకు గుర్తు లేదు.

తర్వాత కాలేజీలో ఆ పాఠం వచ్చింది. చెప్పాను. చీటీ కట్టేవాడి గురించి, రైబోసోము విప్పి చూడకపోవడం గురించి అన్నీ చెప్పాను. చేతులు రెండూ కలిపి, ఇలా ఉంటుంది, విడదీస్తే పని రాదు అని చెప్పబోయి, చేతులు కిందకు దించేసుకుని బోర్డు వైపు తిరిగాను. నేను బొమ్మ గీయబోతున్నాననే పిల్లలు అనుకున్నారు. పరీక్షలో వస్తుందా అని ఈసారి ఎవరూ అడగలేదు.

ఈ ఏడాది ఈస్టర్ ముందు శనివారం నేను ఒక్కదాన్నే బాపట్ల వెళ్ళాను. బావకు నడుము నొప్పి. ఆయన రేపల్లెలో అక్క సమాధి చుట్టూ గడ్డి పీకించి ఉంచుతానన్నాడు, సున్నం నన్ను వచ్చి వేయమన్నాడు. బకెట్లో గుల్ల సున్నం వేసి నీళ్ళు పోశాను. పొంగింది. చెంగు అడ్డం పెట్టుకుని కలిపాను, నీలిమందు వేశాను. కుంచె పట్టుకోవడం నాకు అదే మొదలు. అమ్మ సమాధి మీద గీతలు వచ్చాయి, నాన్న సమాధి దగ్గరికి వచ్చేసరికి కొంచెం నయం. కుంచె పిండేటప్పుడు, బకెట్లో ముంచేటప్పుడు సున్నం చేతుల నిండా అంటింది. ఎన్నిసార్లు కడిగినా జిగటగానే ఉంది.

మధ్యాహ్నం బండికి తెనాలి వచ్చి, రేపల్లె ప్యాసింజరు ఎక్కాను. చేతులు మండుతున్నాయి. బండి కాలవ దాటుతుండగా ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాను. వేళ్ళ కొసలు తెల్లగా పాలిపోయి, ముడతలు పడి, చీలి ఉన్నాయి. అరచేయి మధ్య ఎర్రగా కందింది. సున్నం చింది పడిన చోట మణికట్టు మీద చుక్కలు చుక్కలుగా కాలింది. చూపుడువేలు పక్కన ఏమీ లేదు. బొటనవేలు పక్కన ఏమీ లేదు. అక్కకు పగిలిన చోట్లన్నీ నాకు నున్నగా ఉన్నాయి. ఎదురు సీట్లో కూర్చున్న పెద్దావిడ నా చేతులు చూసి, "సున్నమా అమ్మా?" అని అడిగింది.

"అవునండి. సున్నమేనండి" అన్నాను.

రేపల్లెలో దిగి, బావ కలిపి ఉంచిన బకెట్ తీసుకుని, అక్క సమాధికి పైనుంచి కిందకు వేసుకుంటూ వచ్చాను. సిమెంటు ఇంకా కొత్తగా ఉండటం వల్ల సున్నం పీల్చేసింది, రెండో పూత వేయాల్సి వచ్చింది. బావ కాసేపు నిలబడి చూసి, నీళ్ళు తేవడానికి వెళ్ళాడు. నేను కుంచె కింద పెట్టి, రెండు చేతులూ తిప్పి ఆమెకు చూపించాను.

"సున్నం ఇట్టా ఉంటదే అక్కా. నీది సున్నం కాదు" అన్నాను.

పుట్టి బుద్ధెరిగాక మా అక్కతో వాదించి గెలవడం అదే మొదటిసారి. ఆమె ఏదో ఒకటి అంటుందని కాసేపు నిజంగానే ఆగాను. కుంచె తీసుకుని రెండో పూత పూర్తి చేశాను. గీతలు రాలేదు.

ఆదివారం గుడిలో ఆడవాళ్ళు నా చేతులు చూసి, కొబ్బరినూనె రాసుకోమన్నారు. రాసుకోలేదు. అయినా వారం తిరిగేసరికి మానిపోయాయి.